హీలియం నిజంగా గుంటూరులోనే దొరికిందా? 1868 గ్రహణం, ఒక పసుపు గీత, రెండు ఎలక్ట్రాన్లు

ఆగస్టు 18 దగ్గరపడుతుందంటే చాలు, మన ఫోన్లలో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. "హీలియం మూలకాన్ని కనిపెట్టింది మన గుంటూరులోనే, గర్వంగా షేర్ చెయ్యండి" అని. అది చూసి మీలో చాలామంది అడిగారు, "అన్నా, ఇది నిజమా, లేక మామూలు వాట్సాప్ సరుకేనా?" అని. అందుకే ఈ ఎపిసోడ్.

సమాధానం ముందే చెప్పేస్తా. సగం నిజం. కాకపోతే ఆ నిజమైన సగం ఫార్వర్డ్‌లో లేదు. గుంటూరులో నిజంగా జరిగిన గొప్ప విషయం వేరే ఉంది. అది ఆగస్టు 18న కాదు, 19న జరిగింది. దాని గురించి ఎవరూ షేర్ చెయ్యరు.

ఇంకో సంగతి. ఇది చరిత్ర ఎపిసోడే అయినా మధ్యలో టెన్త్ క్లాస్ కెమిస్ట్రీ వస్తుంది. ఎలక్ట్రాన్ విన్యాసం, కక్ష్యలు, వేలన్సీ... పారిపోకండి. పరీక్ష కోసం "హీలియం 2, జడవాయువు, వేలన్సీ సున్నా" అని బట్టీ పట్టాం కదా, ఆ ఒక్క లైనే ఈ కథ మొత్తానికి తాళంచెవి.

సరే, 1868కి వెళ్దాం.

ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. మామూలు గ్రహణం కాదు. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్న సమయం కాబట్టి నీడ పెద్దది, చీకటి ఎక్కువసేపు. ఆ నీడ ఏడెన్ దగ్గర నుంచి అరేబియా సముద్రం దాటి, బీజాపూర్ వైపు నుంచి మన దేశంలోకి వచ్చి, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి దిగి, సయాం వైపు, అంటే ఇప్పటి థాయిలాండ్ వైపు వెళ్ళిపోయింది. నీడ వెడల్పు రెండొందల కిలోమీటర్ల పైమాటే. గుంటూరుకీ మా మంగళగిరికీ మధ్య ఇరవై కిలోమీటర్లు. అంటే ఆ పొద్దున మా కొండ, కొండ మీద పానకాల స్వామి గుడి, కింద పదకొండు అంతస్తుల గాలిగోపురం, మగ్గాల ఇళ్ళు, అన్నీ ఆ చీకట్లోనే ఉన్నాయి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించిన ఆ గోపురానికి అప్పటికి సుమారు అరవై ఏళ్ళు. గోపురాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది.

గ్రహణం వస్తుందని ఇక్కడి వాళ్ళకి తెలియక కాదు. పంచాంగంలో ఉంటుంది. పట్టుస్నానం, విడుపుస్నానం, ఊరగాయ జాడీ మీద దర్భ, గుడి తలుపులు మూత, ఇవన్నీ మామూలే. కొత్తగా వచ్చింది ఏంటంటే, గ్రహణం చూడ్డానికి సముద్రాలు దాటి మనుషులు పెట్టెలు మోసుకుని రావడం.

ఎందుకొచ్చారు? అప్పటికి తొమ్మిదేళ్ళ ముందు జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఒక పద్ధతి కనిపెట్టారు. ఏ పదార్థాన్నైనా మంటలో పెట్టి, ఆ వెలుగుని పట్టకం గుండా పంపిస్తే, రంగురంగుల గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో వరస గీతలు. మన ఆధార్ వేలిముద్ర లాంటివి. స్టవ్ మీద ఉప్పునీళ్ళు పొంగి మంట పసుపుగా మారడం మీరు చూసే ఉంటారు. అది సోడియం వేలిముద్ర. ఈ పద్ధతితో వాళ్ళిద్దరూ 1860లో సీజియం, 1861లో రుబీడియం పట్టుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండులో క్రూక్స్ థాలియం పట్టుకున్నాడు. 1863లో ఇండియం. ఇదే పని సూర్యుడి మీద చేస్తే? సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచున ఎర్రటి మంటనాలుకల్లాంటివి కనిపిస్తాయని తెలుసు. అవి సూర్యుడివేనని కూడా తెలుసు, కానీ అసలు అవి వాయువా, మబ్బా, ఏమీ తెలియదు. ఆ మంటనాలుకల వెలుగుని పట్టకంలోంచి చూడాలి. స్పెక్ట్రోస్కోపు వచ్చాక దొరికిన మొదటి మంచి అవకాశం ఈ 1868 గ్రహణం. అదీ సంగతి.

మన వైపు ఎవరెవరు దిగారో చూడండి. గుంటూరులో ఇద్దరు. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్, బ్రిటిష్ వాళ్ళ తరఫున మేజర్ టెనాంట్. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పెద్ద నార్మన్ పోగ్సన్. అదే అబ్జర్వేటరీలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి గారు వనపర్తిలో. ఈ రఘునాథాచారి గారు మామూలు మనిషి కాదు. అంతకు ముందు ఏడాది, 1867లో, వెలుగు పెరిగి తగ్గే ఒక నక్షత్రాన్ని కనిపెట్టారు. ఆధునిక పద్ధతిలో అలా చేసిన తొలి భారతీయుల్లో ఆయన ఒకరు. తెల్లదొరల పేర్ల మధ్యలో ఆ పేరు ఫార్వర్డుల్లో ఎప్పుడూ రాదు.

జాన్సెన్ మద్రాసులో దిగి, అక్కడి నుంచి ఓడలో మచిలీపట్నం వచ్చి, తర్వాత గుంటూరు చేరాడు. బెజవాడకి అప్పటికింకా రైలు లేదు. మచిలీపట్నం అప్పటికి నాలుగేళ్ళ కిందట, 1864 నవంబర్ ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయిన ఊరు. ఇంకా తేరుకోలేదు. సముద్రం పక్కన మబ్బు, తేమ ఎక్కువ కాబట్టి కొంచెం లోపలికి వెళ్తే నయమని జాన్సెన్ గుంటూరు ఎంచుకున్నాడు. అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు బిగించాడు. ఫ్రెంచి వాళ్ళు ఇక్కడేంటి అనుకోకండి. అవతల యానాం వాళ్ళదే, మచిలీపట్నంలో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది.

ఆగస్టు అంటే మనకి వానాకాలం. ముందు రోజుల్లో మబ్బులు, వాన. ఇంత దూరం వచ్చి మబ్బు అడ్డమొస్తే అంతే సంగతులు. 18 పొద్దున మాత్రం ఆకాశం పర్వాలేదు అనిపించింది. చీకటి పడింది. ఐదు నిమిషాలకు పైగా ఉంది. జాన్సెన్ తన స్పెక్ట్రోస్కోపుని సూర్యుడి అంచు మీదున్న ఒక పెద్ద ఎర్రటి మంటనాలుక మీదికి తిప్పాడు. ఇంద్రధనుస్సులా అన్ని రంగులూ కలిసి రాలేదు. చీకట్లో విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ మంటనాలుక వాయువు, ఎక్కువభాగం హైడ్రోజన్. ఆ గీతలు ఎంత వెలుగుగా ఉన్నాయంటే, ఇవి గ్రహణం లేకపోయినా కనిపించాలే అని అప్పుడే అతనికి అనిపించింది.

అక్కడ పసుపు రంగులో కూడా ఒక గీత ఉంది. ఆ రోజు చాలామంది చూశారు. గుంటూరులో చూశారు, మచిలీపట్నంలో చూశారు, మలయా వైపు వెళ్ళిన ఫ్రెంచి బృందం కూడా చూసింది. అందరూ దాదాపుగా ఒకే మాట అనుకున్నారు: పసుపు కాబట్టి సోడియం. సోడియం గీతల్ని 'డి' గీతలు అంటారు. పోగ్సన్ ఒక్కడు మాత్రం కాస్త అనుమానంగా, ఇది డి దగ్గరో, డి పక్కనో ఉందని రాసుకున్నాడు. ఆ "పక్కనో" అన్న మాటే అసలు హీలియం. కాకపోతే ఆయన రిపోర్టు మద్రాసు దాటి పెద్దగా ప్రచారం పొందలేదు. నన్నడిగితే, ఫార్వర్డ్‌లో గుంటూరు పక్కన మచిలీపట్నం పేరు కూడా పెట్టాలి.

ఇప్పుడు ఆగస్టు 19. గ్రహణం అయిపోయింది. మామూలు ఎండ. జాన్సెన్ పొద్దున్నే లేచి, మళ్ళీ స్పెక్ట్రోస్కోపు సూర్యుడి అంచుకి పెట్టాడు. గీతలు కనిపించాయి. గ్రహణం లేకుండా, పట్టపగలు, సూర్యుడి మంటనాలుకల్ని మనిషి చూడ్డం అదే మొదటిసారి. అది గుంటూరులో జరిగింది. ఇందులో వివాదం లేదు.

ఎలా సాధ్యమైందంటే, చాలా సింపుల్. ఒక గ్లాసు నీళ్ళు అరుగంతా పోస్తే పల్చగా తడి కనిపిస్తుంది. అదే గ్లాసు నీళ్ళు సన్నని గొట్టంలో పోస్తే నిండుగా ఉంటుంది. పగటి ఆకాశం వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, పట్టకంలో పడగానే అటూ ఇటూ పరుచుకుని పల్చబడిపోతుంది. మంటనాలుక వెలుగు రెండు మూడు రంగుల్లోనే ఉంటుంది, అది పరుచుకోదు, గీతగానే నిలబడుతుంది. అలా ఆకాశం వెలుగు వెనక్కి తగ్గి, గీత ముందుకొస్తుంది. గుంటూరులోనే ఉండి రెండు వారాలకు పైగా రోజూ చూశాడు. అప్పటిదాకా సూర్యుడి అంచు చదవాలంటే జీవితంలో నాలుగైదు గ్రహణాలు, మొత్తం కలిపి పావుగంట. ఇక నుంచి రోజూ చదవొచ్చు.

తర్వాత కాకినాడ వెళ్ళి, అక్కడి నుంచి సెప్టెంబర్ 19న పారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు. ఓడలో ఉత్తరం వెళ్ళేసరికి నెల దాటింది. ఈలోపు ఇంగ్లండులో, గ్రహణం మొహం చూడని ఒకాయన, పేరు నార్మన్ లాకియర్, యుద్ధశాఖలో గుమాస్తా, ఖాళీ టైంలో ఇంటి దగ్గర ఖగోళం చూసుకునేవాడు, అక్టోబర్ 20న తన సొంత స్పెక్ట్రోస్కోపుతో అదే పని చేశాడు. ఆయన ఉత్తరమూ పారిస్ చేరింది. విచిత్రం చూడండి, కాకినాడ ఉత్తరం, లండన్ ఉత్తరం రెండూ అకాడమీలో ఒకే రోజు చదివారు. 1868 అక్టోబర్ 26. ఎవరు ముందు అని కొట్టుకోకుండా, తర్వాత ఇద్దరి మొహాలూ పక్కపక్కన ఉండేలా ఒక పతకం వేయించింది ఫ్రెంచి ప్రభుత్వం. ఆ పతకం ఇచ్చింది కొత్త మూలకానికి కాదు, గ్రహణం లేకుండా చూసే పద్ధతికి. ఇక్కడే ఫార్వర్డ్ పప్పులో కాలేసింది. జాన్సెన్ కాకినాడ ఉత్తరంలో కొత్త మూలకం ప్రస్తావనే లేదు.

పసుపు గీతని పట్టుకుని వదలనిది లాకియర్. కొలిచి చూశాడు. సోడియం గీతలు రెండు, డి-1, డి-2. ఇది వాటి మీద పడట్లేదు, కొంచెం పక్కన ఉంది. డి-3 అని పేరు పెట్టాడు. ఇప్పటి లెక్కలో సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర, ఈ డి-3 587.6 దగ్గర. తేడా ఎంత చిన్నదో చూడండి. గ్రహణం చీకట్లో, ఐదు నిమిషాల హడావుడిలో, దాన్ని సోడియం అనుకోవడంలో ఎవరి తప్పూ లేదు.

లాకియర్‌కి ఒక కెమిస్ట్ తోడయ్యాడు. ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్. ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మనం టెన్త్‌లో చదివే వేలన్సీ ఉంది కదా, ఒక్కో మూలకానికి ఇన్ని చేతులే ఉంటాయి, ఇన్నిటితోనే కలుస్తుంది అనే ఆలోచన, దాన్ని 1852లో మొదట స్పష్టంగా చెప్పింది ఈయనే. వేలన్సీ కనిపెట్టిన మనిషి ముందుకి వేలన్సీయే లేని మూలకం వచ్చి నిలబడింది. పాపం, ఆయనకి ఆ విషయం తెలియదు. ఇద్దరూ ల్యాబులో హైడ్రోజన్‌ని రకరకాలుగా వేధించి చూశారు, డి-3 గీత వస్తుందేమోనని. రాలేదు. "సూర్యుడిలో కొత్త పదార్థం" అనే మాటకి గ్రీకులో సూర్యుడి పేరు హీలియోస్ నుంచి హీలియం అని వచ్చింది. 1871లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, బ్రిటిష్ సైన్స్ సభలో ఆ పేరు బయటికి చెప్పాడు. ఫ్రాంక్‌లాండ్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు. హైడ్రోజనే ఏదో అవతారం ఎత్తిందని ఆయన అనుమానం. చివర్లో ఆ "యం" చూడండి. సోడియం, పొటాషియం లాగా లోహాల పేర్ల పద్ధతి. ఇది వాయువని తర్వాత తేలినా పేరు అలాగే ఉండిపోయింది. తర్వాత వచ్చిన తమ్ముళ్ళు నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్ అంటే, పెద్దన్న పేరొక్కటే తేడాగా ఉండటానికి కారణం ఇదే.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు భూమ్మీద హీలియం ఎవరికీ దొరకలేదు. 1869లో మెండలీఫ్ పట్టిక వేశాడు, అందులో దీనికి గడి లేదు. చాలామంది కెమిస్టులు నవ్వేశారు, సూర్యుడిలో తప్ప ఎక్కడా లేని మూలకం ఏంటని. ఇక్కడో సరదా ముచ్చట. 1870లో జర్మన్ సైన్యం పారిస్‌ని చుట్టుముట్టింది. డిసెంబర్‌లో అల్జీరియాలో గ్రహణం. మన జాన్సెన్ ఊరుకుంటాడా? బెలూన్ ఎక్కి, శత్రువుల నెత్తి మీదుగా పారిస్ దాటి గ్రహణం చూడ్డానికి పోయాడు. అక్కడ మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు. హీలియం పేరుతో మనం తలుచుకునే మనిషి బెలూన్‌లో వెళ్ళాడు, ఆ బెలూన్‌లో హీలియం లేదు. ఉండే అవకాశమే లేదు.

దొరకలేదు అంటే, చేతికి తగిలి కూడా దొరకలేదు. అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే కెమిస్ట్ 1890 ప్రాంతంలో యురేనియం ఉండే రాయిని ఆసిడ్‌లో వేడిచేస్తే ఒక వాయువు వచ్చింది. దేనితోనూ కలవదు, మండదు. నైట్రోజన్ అయ్యుంటుందిలే అని రాసేశాడు. 1894లో ర్యాలీ, రామ్సే గాల్లో ఆర్గాన్ పట్టుకున్నారు. రాయిలోంచి వచ్చే ఆ సోమరి వాయువులో ఆర్గాన్ ఉందేమో చూద్దామని 1895 మార్చిలో రామ్సే అలాంటి రాయే, క్లీవైట్ అంటారు, తెచ్చి వేడిచేశాడు. వచ్చిన వాయువుని గాజు గొట్టంలో పెట్టి కరెంటు పంపించాడు. పసుపు గీత మెరిసింది. సోడియం అనుకున్నాడు ముందు. పక్కన సోడియం పెట్టి చూస్తే కలవట్లేదు. క్రూక్స్‌కి పంపాడు కొలవమని. డి-3. గుంటూరు, మచిలీపట్నం ఆకాశంలో కనిపించిన గీత లండన్ ల్యాబులో గాజు గొట్టంలో ఉంది.

లాకియర్ అది కళ్ళారా చూశాడు. జాన్సెన్ బతికే ఉన్నాడు. ఫ్రాంక్‌లాండ్ కూడా ఉన్నాడు. పోగ్సన్ మాత్రం 1891లోనే మద్రాసులో చనిపోయాడు. రఘునాథాచారి గారు 1880లోనే వెళ్ళిపోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. విశ్వంలో హైడ్రోజన్ తర్వాత ఎక్కువగా ఉన్న మూలకం హీలియమే. సూర్యుడి బరువులో నాలుగో వంతు అదే. అంత ఉన్నది, మామూలు ఎండలో గీతగా ఎందుకు కనిపించలేదు? గ్రహణం దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? భూమ్మీద ఇరవై ఏడేళ్ళు ఎందుకు దాక్కుంది? రెండిటికీ ఒకటే జవాబు. అది తెలియడానికి 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్ కనిపెట్టాలి, 1913లో బోర్ కక్ష్యల లెక్క వెయ్యాలి, 1916లో లూయిస్, కోసెల్ ఇద్దరూ బయటి ఎలక్ట్రాన్లే కెమిస్ట్రీ అంతా నడుపుతాయని చెప్పాలి.

మా గాలిగోపురం దగ్గరికి రండి. పదకొండు అంతస్తులు. ఎలక్ట్రాన్‌ని ఒక మనిషి అనుకోండి. గోపురం కింద నేల మీద నిలబడ్డాడు. అది అతని మామూలు చోటు. పైకెక్కాలంటే శక్తి కావాలి. ఎక్కి మళ్ళీ దిగేటప్పుడు ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తాడు. ఎంత ఎత్తు దిగాడు అన్నదాన్ని బట్టి రంగు.

సోడియంకి మొత్తం పదకొండు ఎలక్ట్రాన్లు. మొదటి కక్ష్యలో 2, రెండో దాంట్లో 8, అవి నిండిపోయాయి. మిగిలింది ఒక్కటి, బయట మూడో కక్ష్యలో ఒంటరిగా. అదే దాని వేలన్సీ ఎలక్ట్రాన్. లోపలి పది ఎలక్ట్రాన్లు అడ్డంగా ఉండటంతో కేంద్రకం దాన్ని గట్టిగా పట్టుకోలేదు. కొంచెం వేడి తగిలితే చాలు, ఒక అంతస్తు ఎక్కి దిగుతుంది. ఆ ఒక్క అంతస్తు దిగుడు, 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, పసుపు వెలుగు. మన స్టవ్ మంట సరిపోతుంది దానికి. కిర్కాఫ్, బున్సెన్ మంటల్లో పట్టుకున్న సీజియం, రుబీడియం కూడా ఇలాంటివే, బయట ఒక్క ఎలక్ట్రాన్ గాళ్ళు. ఊరికే నోరు జారేవాళ్ళు ముందు దొరికిపోతారు కదా, అలా.

హీలియంకి రెండే ఎలక్ట్రాన్లు. మొదటి కక్ష్యలో రెండిటికే చోటు. నిండిపోయింది. మధ్యలో అడ్డం ఎవరూ లేరు, కేంద్రకం పక్కనే కూర్చున్నాయి. వీటిని కదిలించాలంటే మధ్య మెట్లు లేవు. అదే కొలత పెట్టుకుంటే, మొదటి తొమ్మిది అంతస్తుల్లో దీనికి నిలబడే చోటే లేదు! ఏ మూలకానికీ మొదటి మెట్టు ఇంత ఎత్తులో లేదు. స్టవ్ మంట కాదు కదా, సూర్యుడి ఉపరితలం ఐదున్నర వేల డిగ్రీలు ఉన్నా, అక్కడి వేడి దీన్ని అంతెత్తు ఎక్కించలేదు. అందుకే మామూలు సూర్యకాంతిలో నల్లగీతల లిస్టులో హీలియం జాడ దొరకలేదు.

మరి డి-3 ఎక్కడిది? పదకొండో అంతస్తు నుంచి పదో అంతస్తుకి దిగినప్పుడు వచ్చే వెలుగు అది. అంకెలు చూడండి. హీలియంలో ఆ పై మెట్టు సుమారు 23.1, కింది మెట్టు సుమారు 21.0 ఎలక్ట్రాన్ వోల్టులు. తేడా 2.1. సోడియంది నేల మీది ఒక అంతస్తు, హీలియంది గోపురం నెత్తిన ఒక అంతస్తు. దిగే ఎత్తు దాదాపు ఒకటే కాబట్టి రంగూ దాదాపు ఒకటే. ఆ రోజు గుంటూరులో, మచిలీపట్నంలో అంతమంది పొరబడింది ఈ పోలిక దగ్గరే. దీని వెనక ఏ నియమమూ లేదు, ఉత్త కాకతాళీయం. ఇంకో రంగులో ఉండుంటే ఆ రోజే గొడవ తేలిపోయేదేమో.

గోపురం పైకి ఎలక్ట్రాన్‌ని ఎవరు చేర్చారు? సూర్యుడి చుట్టూ కరోనా ఉంటుంది, పది లక్షల డిగ్రీలు దాటిన పలుచటి వాయువు. అక్కడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు హీలియంని కొట్టి ఎలక్ట్రాన్‌ని ఊడగొడతాయి. అది మళ్ళీ వచ్చి చేరేటప్పుడు పై నుంచి అంతస్తులు దిగుతుంది. దారిలో డి-3. ఇది జరిగేది సూర్యుడి అంచున, మంటనాలుకల్లో. అక్కడ చూడాలంటే నడిమి వెలుగు మూసుకోవాలి. అందుకే గ్రహణం. లేదా జాన్సెన్ ఆగస్టు 19 ఉపాయం.

భూమ్మీద దాక్కోవడానికీ అదే కారణం. నిండిన కక్ష్య ఉన్నది ఎలక్ట్రాన్ ఇవ్వదు, పుచ్చుకోదు, పంచుకోదు. ఉప్పులో సోడియం ఉంటుంది, నీళ్ళలో హైడ్రోజన్ ఉంటుంది, తుప్పులో ఇనుము ఉంటుంది. హీలియం దేనిలోనూ కలిసి ఉండదు. కెమిస్టు అంటే కలిపి విడదీసేవాడు. కలవనిదాన్ని ఎలా పట్టుకుంటాడు? హిల్లెబ్రాండ్ చేతిలోకి వచ్చి కూడా నోరు విప్పలేదు.

ఇప్పుడు మనకి పనికొచ్చేది కూడా ఈ గుణమే. హీలియం అణువులు ఒకదాన్నొకటి కూడా పట్టించుకోవు, అందుకే మైనస్ 269 డిగ్రీల దాకా ద్రవంగా మారవు. ఆ ద్రవంలో ముంచితేనే ఎమ్మారై స్కానింగు మిషన్లలో పెద్ద అయస్కాంతాలు పనిచేస్తాయి. మంగళగిరి ఎయిమ్స్ లాంటి ఆసుపత్రుల్లో స్కానింగుకి కూర్చుని విసుక్కునేటప్పుడు ఈ కథ గుర్తు చేసుకోండి, టైం గడుస్తుంది. మరి ఈ వాయువు భూమిలోకి ఎలా వచ్చింది? యురేనియం, థోరియం విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆ కణం రెండు ఎలక్ట్రాన్లని పట్టుకుంటే హీలియం. క్లీవైట్ రాయిలో అది దొరకడానికి కారణం ఇదే.

దీన్ని ల్యాబులో రుజువు చేసింది రూథర్‌ఫర్డ్, ఆయనతో పాటు థామస్ రాయిడ్స్ అనే కుర్రాడు, 1908–09లో మాంచెస్టర్‌లో. ఆల్ఫా కణాలు దాటగలిగేంత పల్చటి గాజు గొట్టం చేయించి, బయట ఖాళీ గొట్టం పెట్టి, కొన్ని రోజులు ఆగి కరెంటు పంపితే, మళ్ళీ అదే పసుపు గీత. ఈ రాయిడ్స్ తర్వాత ఎక్కడికొచ్చాడో తెలుసా? మన దక్షిణానికే. కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీకి. పోగ్సన్, రఘునాథాచారి గార్లు పనిచేసిన మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలు అది. అక్కడే డైరెక్టర్ అయ్యాడు. 1937లో ఆయన దిగిపోయాక ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు మన తెలుగువాడు, గోదావరి జిల్లా మనిషి, ఏ.ఎల్. నారాయణ్ గారు. అంతకు ముందు విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్తూ, పొటాషియం లాంటి లోహాల్ని ఆవిరి చేసి, వాటి గీతలు చదివేవారు. పొటాషియం అంటే బయట ఒక్క ఎలక్ట్రాన్. విజయనగరం లాంటి ఊళ్ళో, 1920లలో, అణువు బయటి కక్ష్యలో ఏం జరుగుతోందో కొలిచిన మనిషి. ఆయన శిష్యుడు కె. రంగధామరావు గారు ఆ పనిని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళారు. ఆ గురుశిష్యుల మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తున్నాను, వచ్చే వారం పెడతా. ఉంటాను ఫ్రెండ్స్.